రాశారా, లేదా?

"నలుపుకా, మంటకా?" అని అడిగాడు మందుల షాపతను.

సర్వేయరమ్మాయికి ఒళ్ళు మండింది. అసలే మండుతోంది, అది వేరే సంగతి. పొద్దున్నుంచీ కొత్త రోడ్డుకి కొలతలు తీసి, మెడా ముక్కూ కమిలిపోయి, ఏదైనా మందు అడుగుదామని వచ్చింది.

"నేను నల్లగా ఉంటే మీకేమిటండీ నష్టం?"

"నాకేం నష్టం? నలుపు జబ్బా ఏమన్నానా? దానికి నా దగ్గర మందు లేదు. మంటకైతే ఉంది. అందుకని అడిగాను."

ఆమె తెల్లబోయింది. ఎండాకాలంలో ఆమె అంత తెల్లగా అవడం అదే మొదటిసారి. ఇంట్లో అందరూ రంగు గురించి మాట్లాడేవాళ్ళే గానీ, మంటగా ఉందా అని అడిగినవాళ్ళు లేరు.

"మా మేనత్త రోజూ నిమ్మరసం రాయిస్తోంది."

"రాసుకుని ఎండలోకి వెళ్తున్నారా! కాలినచోట మళ్ళీ కాల్చుకోవడమేనండీ అది. చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి వేసుకోండి. ఐసు రుద్దకండి. తర్వాత కలబంద గుజ్జు. ఇంట్లో మొక్క ఉంటే నా దగ్గర కొననక్కర్లేదు."

"ఇలాగైతే మీ వ్యాపారం సాగినట్టే!"

"ఈ క్రీము మాత్రం కొనాలి. బయల్దేరే ముందు రాయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి."

"మర్చిపోతాను."

"గుర్తు చేస్తాను. నంబరివ్వండి."

అడిగినవాడికి మొహమాటం లేదు, ఇచ్చినమ్మకి అంతకన్నా లేదు.

మర్నాటి నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. "రాశారా?" "రాశాను." "చెవులకి?" "చెవులకీ రాశాను బాబూ!" చెవుల దగ్గర మొదలైన కబుర్లు ఎక్కడెక్కడికో వెళ్ళేవి. ఫోను రావడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆమెకి కొలతలు తప్పేవి.

ఇంట్లో మేనత్తదీ అదే మాట. "రాశావా?" తల్లి పోయాక కన్నకూతురిలా పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ అడిగేది దరఖాస్తు గురించి. ఆఫీసులో నీడపట్టున ఒక కుర్చీ ఖాళీ అయింది. శుక్రవారం లోపల రాసిస్తే అది మనమ్మాయికే. "ఎండకి మాడి మసైన పిల్లని ఎవడు చేసుకుంటాడే?" అని ఆవిడ బెంగ. కానీ ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ బయటి పని ఇవ్వరు. "ఆడపిల్లకెందుకు?" అన్న ఆఫీసర్లతో మూడేళ్ళు పోట్లాడి తెచ్చుకున్న పని అది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం మేనత్త కాగితం, కలం, గొడుగు పట్టుకుని రోడ్డు దగ్గరికే వచ్చేసింది. కలం ముక్కు దగ్గర పెట్టి "రాయి" అంటుండగా ఫోను మోగింది.

"రాశారా?"

ఆమె ఓపిక అడుగంటింది. "రాయలేదు! రాయను! ఎవరు చెప్పినా రాయను! ఏం చేసుకుంటారో చేసుకోండి!" అని ఠక్కున పెట్టేసింది.

పావుగంటలో అతను సైకిలు మీద రొప్పుతూ దిగాడు. తలమీద టోపీ అయినా లేదు. ముఖం కందగడ్డయింది.

"నామీద కోపముంటే నన్ను తిట్టండి. మీకు దణ్ణం పెడతాను, రాయండి!"

మేనత్త ముఖం వెలిగిపోయింది. "చూశావా? ఎవరో ఏమో, పాపం, అతనూ అదే చెబుతున్నాడు. రాయవే!"

ఆమె కలాన్ని పక్కకి తోసి అతన్ని చూసింది. ఇతనూ ఆ గూటి చిలకేనా?

"మీరు కూడానా? నన్ను పోయి కుర్చీలో కూర్చోమంటారా?"

"కుర్చీ ఏమిటండీ? ముక్కుకి రాయమంటున్నాను!" అంటూ అతను జేబులోంచి క్రీము తీశాడు.

ఆమెకి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని మేనత్త వైపు తిరిగింది.

"అత్తా, నీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఈ పని నాది. కమిలితే గుడ్డ తడిపి వేసుకుంటాను, నీడ కోసం మాత్రం వదులుకోను. రంగు చూసి వెనక్కి పోయేవాడితో నాకేం పని? పోనీ! చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను."

అన్నాక గానీ అతన్ని అడగలేదని గుర్తు రాలేదు. "మీకు... ఇష్టమేనా?"

"షాపుకి తాళం వేశానో లేదో కూడా తెలియకుండా వచ్చానండీ. ఇంకా అడుగుతారేమిటి?"

మేనత్త ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పడేసి, గొడుగు అతని వైపు జరిపింది.

"ఇలా రా అల్లుడూ. దాన్ని ఎలాగూ ఆపలేం. నువ్వైనా నీడలో నిలబడు."