రెడ్‌వుడ్ అడవిలో ఒక మంచి చోటు

"ఇంతకన్నా మెత్తటి పరుపు లేదా?"

గుడారం మడతపెడుతున్న మారెన్ తలెత్తింది. అడవి పక్కనున్న ఆర్కేటా ఊళ్లో క్యాంపింగ్ సామాన్లు అద్దెకిచ్చే ఆ దుకాణం వాళ్ల పిన్నిది. ఎదురుగా పొడుగాటి కుర్రాడొకడు, పొగమంచుకి తడిసిన జుట్టుతో, గాలిపరుపును వేలితో నొక్కి చూస్తున్నాడు.

"రెడ్‌వుడ్ అడవికేనా? అక్కడ నేలే మెత్తగా ఉంటుంది. మీలాంటివాళ్లకి చాప చాలు."

"నాకు కాదండీ."

అంతలో అతని ఫోన్ మోగింది. "ఆఁ బంగారం! పరుపు దగ్గరే ఉన్నా. నీ నడుం బాధ్యత నాది, సరేనా?"

ఓహో, బంగారమా! అనుకుంది మారెన్. ఎందుకో గుడారం మడత తప్పింది.

అతని పేరు కార్విన్. పరుపు తీసుకెళ్లినవాడు మర్నాడు స్టవ్ కోసం వచ్చాడు. ఆ మర్నాడు లాంతరు కోసం. తర్వాత, చెట్లమీంచి మంచు చినుకులు రాలితే ఎలా అంటూ టార్పాలిన్ కోసం. వచ్చిన ప్రతిసారీ పార్కు మ్యాపు పరిచి ఏ చోటు బుక్ చెయ్యాలో అడిగేవాడు.

"వాగు పక్కన, ఫెర్న్ మొక్కల మధ్య ఒకటుంది కదా? బాగుంటుందా?"

అది మారెన్‌కి ప్రాణమైన చోటు. ఎవరో అమ్మాయి కోసం దాన్ని వదులుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

"దోమలు," అంది ముక్తసరిగా. "ఇది తీసుకోండి. కారు పక్కనే ఆపుకోవచ్చు. బాత్రూమ్ నాలుగడుగుల్లో. మీ బంగారానికి కాళ్లు నొప్పెట్టవు."

"భలే! ఇలాంటిదాని కోసమే చూస్తున్నా!"

మారెన్ తెల్లబోయింది. ఇదేం ప్రేమికుడు!

శుక్రవారం ఉదయం దుకాణం తలుపు తెరుచుకుంది. ముందు ఒక చేతికర్ర, తర్వాత ఊదారంగు టోపీ పెట్టుకున్న పెద్దావిడ, ఆవిడ వెనక కార్విన్.

"బాత్రూమ్ పక్కన చోటు చూపించిన దేవతవి నువ్వేనా తల్లీ? నేను లవీనియాని, వీడి అమ్మమ్మని. వచ్చే నెల నా తుంటికి ఆపరేషన్. అది ఎలా జరుగుతుందో ఏమో! ఈలోగా ఒక్క రాత్రయినా ఆ చెట్ల కింద పడుకోవాలని పట్టుబట్టాను."

"అంటే... బంగారం..."

"నేనే! ఈ మొద్దుకి ఇంకెవరున్నారు? ఇంట్లో మూడు స్టవ్‌లున్నాయి, నాలుగోది ఎందుకురా అంటే నీళ్లు నమిలాడు. నిన్ను చూశాక ఇప్పుడర్థమైంది."

కార్విన్ చెవులు ఎర్రబడ్డాయి. మారెన్ నేలచూపులు చూసింది.

"వాగు దగ్గర దోమల్లేవండీ," అంది మెల్లిగా. "కుళ్లుతో చెప్పాను."

లవీనియా పకపకా నవ్వింది. "అయితే శిక్షగా నువ్వూ మాతో రా. నీ గుడారం నువ్వు తెచ్చుకో!"

శనివారం మధ్యాహ్నం. ఆకాశంలోకి వెళ్లిపోయిన చెట్ల మధ్యనుంచి వెలుగు జల్లెడ పట్టినట్టు దిగుతోంది. లవీనియా కుర్చీలో వెనక్కి వాలి, టోపీ తీసేసి, పైకే చూస్తోంది. ఆమె చెంపల మీద తడి మంచుదో కన్నీటిదో తెలియడం లేదు.

గుడారాల పక్కనే ఉన్న చెట్టు చుట్టూ చేతులు కలపాలని కార్విన్, మారెన్ మానుకి ఆనుకుని చేతులు చాచి నిలబడ్డారు.

"అందాయా?" అడిగాడతను.

"ఒక్కవైపే. అటు చుట్టూ ఇంకా బోలెడుంది."

అందిన ఆ ఒక్క చేతినీ అతను వదల్లేదు. "మారెన్, నాకు స్టవ్ అక్కర్లేదు. లాంతరూ అక్కర్లేదు. రోజూ నిన్ను చూడాలని వచ్చాను."

"తెలుసు. నేనూ రోజూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను."

"ఇంతకీ, ఈ చెట్టు చుట్టూ చేతులు కలపాలంటే మనిద్దరం చాలమే!" అన్నాడు కార్విన్.

వెనకనుంచి లవీనియా గొంతు ఖంగుమంది.

"దానికేం బెంగ! పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని తీసుకురండి. నేనూ ఒక చెయ్యేస్తాను!"