మొదటి పఠనం

పొగమంచు ఇంకా ఉల్లికాడల పొలాల మీదనుంచి లేవలేదు. నూబియా పొయ్యి మీద బెల్లం నీళ్ళు పొంగకుండా చూసుకుంటూ, పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిరగేస్తోంది. పొయ్యికి దగ్గరగా వేసిన కుర్చీలో తల్లి అనతీల్దె రువానా అనే ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చుంది. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆమె కుడిచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. మాట పూర్తిగా పోయింది. కళ్ళు మాత్రం ఇంట్లో ఎవరెక్కడ తిరిగితే అక్కడికి తిరుగుతాయి.

తల్లి మంచాన పడిందని కబురందగానే నూబియా తూంహా పట్నంలో బట్టలు కుట్టే కొలువు మానేసి వచ్చేసింది. నాలుగు రోజులుండి వెళ్దామనుకున్నది ఇక్కడే ఉండిపోయింది.

తండ్రి ఒతోనియెల్ పాలక్యాను గడప పక్కన దించి, బూట్లకంటిన పేడ రాయికి రాసి లోపలికి వచ్చాడు. మనిషి ఎత్తు, గొంతు అంతకు రెండింతలు. ఆ గొంతు వల్లే ఊళ్ళో ఆయనకి పేరు. సాన్ రోకే గుడిలో ఆదివారం పూజకి బైబిల్లోంచి మొదటి పఠనం వినిపించేది ఒతోనియెలే. నూబియా పుట్టకముందునుంచీ అంతే. ఫాదర్లు మారారు, గుడి పైకప్పు మారింది, ఆయన మారలేదు.

"నాన్నా, నిన్న గుడిలో..." అని మొదలుపెట్టింది నూబియా.

"నిన్నేమైంది?"

ఆ అడగడంలోని కరకుదనానికి ఆమె నీళ్ళు నమిలింది. "ఏం లేదు. రొట్టె చల్లారిపోతోంది, తినండి."

నిన్న జరిగింది ఊరంతా చూసింది. ఎడారిలో ఆకలితో సణుగుతున్న జనానికి ఆకాశంనుంచి మన్నా అనే ఆహారం కురిసిన కథ అది. ఒతోనియెల్ గంభీరంగానే మొదలుపెట్టాడు. సగంలోకి వచ్చేసరికి మోషే కర్ర తీసుకుని బండని కొట్టాడు, బండలోంచి నీళ్ళు వచ్చాయి! అది వేరే ఆదివారం వినిపించాల్సిన కథ. ముందు బెంచీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఫాదర్ ఎవెలియో తలెత్తి చూశాడు. ఒతోనియెల్ ఆగి, పుస్తకంలోకి చూసి, మళ్ళీ తలెత్తి, "ఇది ప్రభువు వాక్కు" అనేసి దిగిపోయాడు. అంతకుముందు ఆదివారాల్లో కూడా వాక్యాలు మింగేశాడు. తల్లికి జబ్బు చేశాకే ఇదంతా.

నాన్నకి మతి తప్పుతోందేమో అన్న భయం నూబియాని నిద్రపోనివ్వలేదు. అమ్మ అలా, నాన్న ఇలా అయితే తనేం చేయాలి?

తల్లికి మందులు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు నూబియా కాళ్ళు తిన్నగా ఫాదర్ ఇంటికి నడిచాయి.

"ఆయనకి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వండి ఫాదర్," అంది. "జనం నవ్వుతుంటే చూడలేకపోతున్నాను. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఎవెలియో కుర్రవాడు. ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. "నేనూ అదే అనుకుంటున్నానమ్మా, పెద్దాయనకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పోనీ, ఆయన బదులు నువ్వు చదువుతావా? ఇంట్లోవాళ్ళే అయితే ఆయనకీ బాధ ఉండదు."

నూబియా ఆలోచించకుండానే సరేనంది. దారిలో రెండుమూడు సార్లు వెనక్కి తిరిగి వెళ్ళి వద్దని చెప్పొద్దామనుకుంది. వెళ్ళలేదు.

నాన్నకి మెల్లగా తనే చెప్పాలనుకుంది. కానీ ఆ మెల్లగా అన్నది రాకముందే, గురువారం భోజనాల వేళకి గుడి పనులు చూసుకునే బెర్సబే పిన్ని గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"నూబియా! శనివారం సాయంత్రం వచ్చి ఒకసారి చదివి చూసుకోమన్నారు ఫాదర్. తెల్ల చొక్కా ఉందా? లేకపోతే మా మనవరాలిది ఇస్తాలే. అబ్బ, తండ్రి తర్వాత కూతురు! ఎంత బావుంటుందో."

ఒతోనియెల్ చేతిలో సూపు చెంచా ఆగిపోయింది. "ఏం చదవడానికి?"

బెర్సబే అతని మొహం చూసింది, నూబియా మొహం చూసింది. నాలిక కరుచుకుని, "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అంటూ వెళ్ళిపోయింది.

ఒతోనియెల్ చెంచాని గిన్నెలో వదిలేసి కూతురి వైపు తిరిగాడు.

"నువ్వే వెళ్ళి అడిగావా?" అన్నాడు.

"నాన్నా, కోపం తెచ్చుకోకండి..."

"అడిగావా లేదా?"

"అడిగాను. మీ మంచికే."

"నా మంచికి!" అతను కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మీ అమ్మ మంచంలో పడింది, మాట పోయింది, అన్నీ భరించాను. నాకంటూ మిగిలిందల్లా ఆదివారం ఆ కాస్త సేపు. అది కూడా లాక్కున్నావు. అదీ దొంగచాటుగా."

"దొంగచాటుగా ఏమిటి నాన్నా? మీకు చెబితే వింటారా? మన్నా కురవాల్సినచోట బండలోంచి నీళ్ళు తెప్పించారు. పిల్లలు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మీకు జ్ఞాపకం తప్పుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్దామంటే రారు."

"నా జ్ఞాపకానికి ఏ రోగమూ లేదు!"

"అయితే పుస్తకం ఎదురుగా పెట్టుకుని తప్పెలా వస్తుంది?" నూబియా కూడా లేచింది. ఇన్నాళ్ళ అలసట ఒక్కసారిగా ఆమె గొంతులోకి వచ్చింది. గోడ గూట్లోంచి పూజ పుస్తకం తీసి, రాబోయే ఆదివారం పఠనం దగ్గర తెరిచి, సూపు గిన్నె పక్కకి నెట్టి అతని ముందు పెట్టింది. "ఇదిగో. చదవండి. ఇప్పుడే చదవండి. ఒక్క తప్పు లేకుండా చదివితే నేనే వెళ్ళి ఫాదర్ కాళ్ళమీద పడతాను."

ఒతోనియెల్ పుస్తకం వైపు చూశాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. పుస్తకాన్ని ముట్టుకోలేదు.

"కళ్ళజోడు కావాలా?" అంది నూబియా. పుండు మీద కారం చల్లుతున్నానని ఆమెకి తెలియలేదు.

అప్పుడు పొయ్యి పక్కన కుర్చీ కిర్రుమంది. అనతీల్దె ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని లేస్తోంది. నూబియా పరుగెత్తి పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ మొగుడి దగ్గరికి వచ్చి, పుస్తకం మూసేసింది. దాన్ని తన గుండెకి అదుముకుని, కూతురి వైపు తిరిగి, తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ప్రాధేయపడడం ఉంది.

నూబియా ఆ చూపునుంచి కళ్ళు తిప్పి తండ్రి ముఖం చూసింది. అతను తల దించుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయిన పసివాడిలా ఉన్నాడు.

చిన్నప్పుడు తను బడినుంచి మార్కుల కాగితం తెస్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి "మీ అమ్మకి చూపించు" అనేవాడు. బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో ఎప్పుడూ పక్కవాళ్ళని అడిగేవాడు. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు నిదానంగా గీసేవాడు. అన్నీ ఆమె కళ్ళముందే జరిగాయి. ఒక్కటీ చూడలేదు.

"నాన్నా... మీకు చదవడం..."

"రాదు," అన్నాడు ఒతోనియెల్.

కూర్చున్నాడు. చేతులు నలుపుకుంటూ, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగాను, బడి మొహం చూడలేదు. పెళ్ళయిన కొత్తలో సంతలో నేను ఎద్దుని అదిలిస్తుంటే అప్పటి ఫాదర్ విన్నాడు. ఈ గొంతు గుడిలో వినపడాలి, ఆదివారం పఠనం చదువు అన్నాడు. అందరూ చుట్టూ ఉన్నారు. రాదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంటికొచ్చి ఏడిచాను. మీ అమ్మేమో, నేను చదువుతాను, నువ్వు పట్టుకో అంది."

"పట్టుకోవడమంటే?"

"పొద్దున్నే కొట్టంలో నేను పాలు పితుకుతుంటే తను గోడకానుకుని చదివేది. నేను వెనకాలే అనేవాణ్ణి. శనివారానికల్లా నోటికి వచ్చేసేది. మీరంతా అది జపమనుకునేవారు. అక్షరాలు నేర్పాలని తను చాలా చూసింది తల్లీ. నా కంటికి అవి చీమల్లా పారిపోయేవి." అతను భార్య వైపు చూశాడు. "తనకి చదవడమంటే ప్రాణం. పదిమంది ముందు నిలబడితే మాత్రం కాళ్ళు వణికేవి. ఇద్దరం కలిస్తేనే ఒక మనిషి పని జరిగేది. మూడేళ్ళకోసారి అవే పఠనాలు తిరిగి వస్తాయి కదా, తనకి మాట పోయాక పాతవి గుర్తు తెచ్చుకుంటూ నెట్టుకొచ్చాను. మన్నా కథా, బండ కథా కలిసిపోయాయి. అంతే. మతి పోలేదు. మీ అమ్మ గొంతు పోయింది."

నూబియాకి కన్నీళ్ళు ఆగలేదు. అతని మోకాళ్ళ దగ్గర కూలబడింది. "క్షమించండి నాన్నా. పుస్తకం తెచ్చి ముందు పెట్టానే, నా చేతులు పడిపోను..."

"ఛ, అవేం మాటలు," అన్నాడు ఒతోనియెల్. "నువ్వు చదువు. నీ పేరు చెప్పేశారుగా. మీ అమ్మ కూతురివి, బాగానే చదువుతావు."

మర్నాడు పొద్దున్న ఒతోనియెల్ కొట్టంలోకి వెళ్ళేసరికి నూబియా అప్పటికే అక్కడుంది. తల్లిని కంబళ్ళలో చుట్టి, గడ్డిమోపు మీద కూర్చోబెట్టింది. చేతిలో పూజ పుస్తకం.

"మీరు పితకండి," అంది.

ఏలీయా ప్రవక్త ఎడారిలోకి పారిపోయిన కథ. ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసుకో అని చెట్టుకింద పడుకుంటాడు. దేవదూత తట్టి లేపి, తినమంటాడు. నూబియా వాక్యం చదవడం, పాలధార చప్పుడు మధ్య తండ్రి ఆ వాక్యాన్ని పట్టుకోవడం. కాస్త కుదురుకుందనుకునేసరికి తల్లి ఎడమచేతిలోని ఊతకర్ర టకటకా నేలకి తగిలింది. అనతీల్దె కళ్ళెర్రజేస్తోంది.

"ఏంటమ్మా?"

"ఓ పంక్తి దాటేశావు," అన్నాడు ఒతోనియెల్ నవ్వుతూ. "తిని మళ్ళీ పడుకుంటాడు. దేవదూత రెండోసారి కూడా లేపాలి. మీ అమ్మ దగ్గర కుదరదు ఇలాంటివి."

ఆ సాయంత్రం అతను ఎవరికీ చెప్పకుండా స్నానం చేసి, మంచి టోపీ పెట్టుకుని ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చాక నూబియా భయంభయంగా అడిగింది. "ఏమన్నారు?"

"ఉన్నదున్నట్టు చెప్పేశాను. చదువొచ్చినవాళ్ళు చేయాల్సిన పనిని ఇన్నాళ్ళు దొంగిలించాను ఫాదర్ అన్నాను. ఆయన లేచి కాఫీ పెట్టాడు. తాగాక, ఆదివారం మీరే వినిపించండి అన్నాడు. అయితే నాకో నిమిషం ఇవ్వండి, జనంతో ఒక మాట చెప్పుకోవాలి అన్నాను."

"వద్దు నాన్నా. ఊరంతా ఎందుకు?"

"ఇన్నేళ్ళు పేరంతా నేనే తిన్నాను తల్లీ. కొంచెమైనా మీ అమ్మకి పెట్టాలి కదా."

ఆదివారం గుడి నిండింది. నూబియా తల్లిని ముందు బెంచీలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. పాట ఇంకా మొదలవలేదు. ఫాదర్ సైగ చేయగానే ఒతోనియెల్ ముందుకొచ్చి, టోపీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్ద గొంతూ సన్నగా వచ్చింది.

"నాకు చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. ఇన్నేళ్ళుగా మీకు దేవుని మాట చదివింది నేను కాదు, మా ఆవిడ అనతీల్దె. తను చదివితే నేను మోసుకొచ్చాను. ఇది మీకు తెలియాలి."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనకనుంచి బెర్సబే పిన్ని గొంతు ఖంగుమంది. "చదువుకున్న మా అల్లుడు చదివితే నాకు నిద్రొస్తుంది. నువ్వే కానియ్యి నాయనా!"

జనం నవ్వారు. ఒతోనియెల్ కూడా నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

పఠనం వేళకి అతను పీఠం ఎక్కి, తెరిచి ఉన్న పుస్తకం వైపు చూడనేలేదు. అనతీల్దెనే చూస్తూ చెప్పాడు. ఎడారి, చెట్టునీడ, చాలించుకుందామనుకున్న ప్రవక్త, తట్టి లేపిన చెయ్యి, ముందున్న దూరప్రయాణం. ఎక్కడా తడబడలేదు. ఆమె పెదవులు అతనితోపాటే కదులుతున్నాయి, చప్పుడు లేకుండా.

"ఇది ప్రభువు వాక్కు."

"దేవునికి కృతజ్ఞతలు," అంది గుడి మొత్తం ఒక్క గొంతుతో.

ఆ గొంతు అణిగాక, ముందు బెంచీలోంచి ఇంకో గొంతు లేచింది. బొంగురుగా, ముద్దముద్దగా. "దే... దేవు..."

నూబియా ఉలిక్కిపడి తల్లి చెయ్యి పట్టుకుంది. అనతీల్దె మెడ సాచి, ఒక్కో అక్షరాన్నీ లోపలినుంచి తవ్వి తీస్తోంది. ఫాదర్ లేవలేదు. తర్వాత కీర్తన పాడాల్సిన అమ్మాయి కదల్లేదు. ఒతోనియెల్ పీఠం దగ్గరే నిలబడి, భార్య చెప్పేది చివరిదాకా వినడానికి చెవి వంచాడు.