ప్లగ్గు పట్టుకున్న చేయి

పడవ ఇంజను మొండికేస్తే దాని మీద కోపగించుకోకూడదు. పెట్రోలు అందుతోందా, నిప్పు పుడుతోందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకు నేను నేర్పిన పాఠం అదే. నేర్చుకున్నాక నాకే పాఠాలు చెప్పేది.

ఆ సాయంత్రం దీవిలో సామాను దింపేసి ఖాళీ పడవతో ఇంటికి బయల్దేరాను. దీవి రేవులో కాపలా ముసలాయన నా పడవ కట్టు విప్పుతూ అడిగాడు.

"ఒక్కడివే పోతున్నావేంరా? ఎవర్నైనా తోడు తెచ్చుకోరాదూ."

"నాకు తోడెవరున్నారు బాబాయ్. ఈ ఇంజనుతోనే కాపురం."

"అదీ అలిగే రకమేలే," అన్నాడు.

నది మధ్యలో నిజంగానే అలిగింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పొద్దు వాలిపోయింది. పోటు తగ్గి, నీరంతా సముద్రం వైపు లాగుతోంది. పడవ మెల్లమెల్లగా మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, జారుతోంది. మొగ దాటిందంటే ఒంటి తెడ్డుతో వెనక్కి రావడం ఎవరి తరమూ కాదు.

ఇంజనులో నిప్పు పుట్టించే ప్లగ్గు విప్పి చూశాను. పెట్రోలుతో తడిసి ఉంది. పెట్రోలు అందుతోంది, నిప్పే లేదన్నమాట. ప్లగ్గు మీది రబ్బరు టోపీలో ఉప్పు పేరుకుని ఉంది. చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచాను.

ఇక పరీక్ష. ప్లగ్గుకి టోపీ తొడిగి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు ఆనించి, ఇంజను తిప్పే తాడు లాగాలి. మొనలో నీలంగా నిప్పు తుళ్ళితే అంతా బాగున్నట్టు. కాని ఇది ఇద్దరి పని. ఒకరు పట్టుకోవాలి, ఒకరు లాగాలి. పట్టుకునే వంతు మా ఆవిడది. "మెల్లగా లాగండి, షాకు కొట్టేది నాకు," అని సణిగేది. నిప్పు ఒక్కసారి కనబడితే చాలు, ప్లగ్గు తీసేసుకునేది. పెట్రోలు పక్కన నిప్పుతో ఆటలేమిటనేది. కిందటి వానాకాలం జ్వరమొచ్చి మంచంలోనే పోయింది. అప్పట్నుంచి ఇద్దరి పనులన్నీ నాకు సగంలోనే ఆగిపోతున్నాయి.

ప్లగ్గుని ఇంజను మీద ఆనించి తాడు లాగాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. చీకటి చిక్కబడింది. బురద వాసన పోయి ఉప్పు వాసన మొదలైంది. సముద్రం హోరు దగ్గరైంది.

మళ్ళీ లాగాను. ఈసారి జారలేదు.

టిక్.

నీలం వెలుగు. ఆ వెలుగులో ప్లగ్గుని పట్టుకుని... రెండు వేళ్ళు.

భయం కంటే ముందు, పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"నువ్వేనా?" అన్నాను.

"ఇంకోసారి..."

గుసగుస. ఆవిడ గొంతే.

లాగాను. టిక్. అరచేయి. లాగాను. టిక్. మణికట్టు. నిప్పు బ్రహ్మాండంగా ఉంది. ప్లగ్గు బిగించి బయటపడాల్సిన వేళ. అయినా లాగుతూనే ఉన్నాను... ముఖం కనబడుతుందేమోనని.

"ఇంకోసారి..."

పడవ కింద మొదటి అల లేచింది. మొగ వచ్చేసింది.

"ఇంకోసారి..."

అప్పుడు తట్టింది. నిప్పు కనబడ్డాక మా ఆవిడ ఏనాడూ ఇంకోసారి అనలేదు.

అప్పటికే ఊపులో ఉన్న చేయి తాడుని మరోసారి లాగేసింది. టిక్. మోచేయి. ఆ చేయి పడవలోంచి రాలేదు. వెనక అంచు మీదుగా... నీళ్ళలోంచి వచ్చింది.

"ఇక చాలు," అన్నాను. చీకట్లో తడుముకుంటూ ప్లగ్గుని లాక్కున్నాను. చల్లటి వేళ్ళు ఒక్కొక్కటే, అయిష్టంగా వదిలాయి. ప్లగ్గుని ఇంజనులో బిగించి టోపీ తొడిగాను. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది.

పడవని ఊరి వైపు తిప్పాక ఒకే ఒక్కసారి వెనక్కి చూశాను. మొగ దగ్గర, నల్లటి నీళ్ళ మీద ఒక నీలం చుక్క. కాస్త దూరంలో ఇంకొకటి. దాని పక్కన మరొకటి. చూస్తుండగానే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా... వెలుగుతూ, ఆరుతూ...

పట్టుకోవడానికి అక్కడ చేతులున్నాయని నాకు తెలుసు. కాని నిప్పు పుట్టాలంటే, నాలాంటివాళ్ళెవరో తాడు లాగుతూనే ఉండాలి కదా.