ఉలి పడని రాయి

నీలం నగర్‌లో ఆ రాయి పొద్దున ఎనిమిదింటికి దొరికింది. అప్పటికది కొబ్బరికాయంత. పదింటికి కబురు కుంఠా నాకా చేరేసరికి బిందెంత అయింది. మధ్యాహ్నం అశోక్ చౌక్‌లో చాయ్ తాగేవాళ్ల నోట ఏనుగు గున్నంతై, ఊపిరి కూడా పీల్చడం మొదలుపెట్టింది.

అసలు సంగతి చిన్నదే. విశాల్ వాళ్లింట్లో పాత మగ్గం గుంత ఒకటుంది. దాన్ని చదును చేసి పవర్‌లూమ్ దింపుదామని గడ్డపార వేస్తే ఖంగుమంది. నల్లటి గుండ్రాయి, దాని నడుము చుట్టూ నున్నటి గాడి. అరగంటలో పసుపు, కుంకుమ, పూలు!

ఎదురింటి గంగమ్మ ఒళ్లో బీడీల చాట దించి మరీ వచ్చింది. విశాల్ వాళ్లు ఆమె కూతురు పూనంను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ "మగ్గాల కొంపకు ఇయ్య" అంది. భివండీ ఊరి సంబంధాన్ని ఆమె కొంగున ముడివేసుకుని ఉంది. అలాంటి గంగమ్మ ఆ రోజు అందరి ముందూ మాటిచ్చేసింది.

"దేవుడు తానే వెలసిన ఇంటికి పిల్లను ఇయ్యనంటనా? స్వయంభువైతే ఇస్త. ఎవలో చేసిన రాయైతే మాత్రం భివండీయే. బస్!"

తేల్చేదెవరు? పూనమే. కాలేజీలో రాళ్ల చదువు చదివింది కదా.

భూతద్దం పట్టుకుని పూనం గుంత దగ్గర కూర్చుంది. విశాల్ పక్కనే చేరాడు.

"మేడం, నెమ్మదిగ. రాయికి నొప్పి పుడతది."

"నువ్వు జర జరుగు. వెలుతురుకు అడ్డం."

"ఇన్నేండ్లల్ల నన్ను ఒక్కసారన్న గిట్ల చూసినవా?"

"నీ ముఖం మీద చూసేతందుకు ఏమున్నది?" అంది పూనం. కానీ భూతద్దం వెనక ఆమె కన్ను నవ్వింది.

తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. గాడిలో ఉలి దెబ్బ ఒక్కటీ లేదు. అలాగని ఎండావానల పనీ కాదు. వానకు కరిగితే మెత్తనిది ముందు పోయి, గట్టిది మిగిలి గరుకుగా ఉండాలి. ఇక్కడ నల్లరాయీ, అందులోని తెల్ల మచ్చలూ ఒకే నునుపున తెగాయి. పవర్‌లూమ్ మీద నూలు నడిచే ఇనప కడ్డీలకు పడే గాడి కూడా ఇంతే. నూలు ఇనుమును కోస్తే, తాడు రాయిని కొయ్యదా?

పూనంకు అర్థమైంది. విశాల్‌కూ అర్థమైంది, మగ్గం మీద పుట్టినవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఏందే, చెప్పు!" అంది గంగమ్మ.

"ఎవలూ చెక్కలే అవ్వా. ఉలి పడనే లే."

అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. గంగమ్మ చేతులు జోడించింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. చెవులు ఎర్రబడ్డ విశాల్ కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకుంటున్నాడు.

అప్పుడొచ్చాడు విశాల్ తాత నర్సప్ప. కళ్లు సరిగా కనపడవు. తడుముకుంటూ వంగి గాడిలో బొటనవేలు పెట్టాడు.

"తాతా, ముట్టకు! దేవుడు!" గుంపులోంచి ఎవరో అరిచారు.

"దేవుడేంది? ఇది పోయిన నా పెండ్లాం ద్రౌపది రాయి. పడుగు బిగువు తప్పొద్దని తాడు కట్టి ఏలాడదీసేది. నలభై ఏండ్లు దెబ్బ దెబ్బకు ఊగింది. మగ్గం తీసినంక ఏడవోయిందో అని ఎంత దేవులాడిన..."

జనం నవ్వారు. ముసలాయనకు మతి పోయిందన్నారు. ఎవరో గద్దె కట్టడానికి సిమెంటు కలపమన్నారు. ఇద్దరు మనుషులు ఆయన్ని రెక్క పట్టి లేపుతుంటే నర్సప్ప పూనం వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి. ఆమెది ఇంట్ల ఇంకొకటి మిగల్లే. ఈ గాడి తాడు కోసిందేనా కాదా? ఖరా చెప్పు, ఉన్నదున్నట్టు."

పూనం విశాల్‌ను చూసింది. వాడు తల దించుకున్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు.

"తాడే తాతా," అంది పూనం. "మీ ఇంటామె రాయే."

నర్సప్ప దాన్ని ఒళ్లోకి తీసుకుని, ధోతి అంచుతో కుంకుమ తుడవసాగాడు. గంగమ్మ జోడించిన చేతులు దించేసింది. ఇంటికి పోయి భివండీకి ఫోన్ కలిపింది.

జనం చెదిరిపోయాక విశాల్ అన్నాడు, "ఒక్క మాట మింగితే అయిపోతుండె."

"మింగేదాన్నే. తాత నన్నే అడిగె."

"నేనైనా అదే చెప్తుంటి."

"తెలుసు. అందుకే నువ్వంటే..." పూనం ఆగింది. ఆ ప్రేమ మాట ఇద్దరి మధ్యా అంతకు మించి ఎప్పుడూ సాగలేదు.

"భివండీ పోయినంక ఫోన్ చేస్తవా?"

"చెయ్య."

"ఒక్కసారన్న?"

"చేస్తే వాపస్ వస్త. అందుకే చెయ్య."

ఆ పిల్ల ఖరా మాట మనిషి. చెయ్యలేదు.