పాత షెడ్డులో పలకరింపు

రేవు చివర పాత పడవల షెడ్డు ఒకటుండేది. ఆ తుఫాను వెళ్ళాక దానికి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే అటు అడుగుపెట్టే మొనగాడు లేడు. లోపల్నించి ఓ ఆడగొంతు పలకరిస్తుందట. గట్టిగా కాదు, గుసగుసగా... "వచ్చావా?" అని.

"ఇంట్లో ఎలాగూ పలకరించే దిక్కులేదు, దెయ్యమైనా పలకరిస్తుందేమో చూస్తా" అని వెళ్ళిన ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి, చెప్పులు అక్కడే వదిలేసి వచ్చి జ్వరంతో మంచమెక్కాడు.

"బదులిచ్చారో, వెంటపడుతుంది" అన్నారు పెద్దవాళ్ళు.

ఇది నాకు సరంగు చెప్పిన సంగతి. రక్షణ పడవ నడిపేవాడాయన. లేనిది కల్పించే మనిషి కాదు.

ఆ తుఫానులో ఓ సరుకు ఓడ మునిగిపోతుంటే, సరంగూ వాళ్ళ బావా పడవ తీశారు. ఓడలోవాళ్ళని ఒక్కొక్కళ్ళనే లాగి ఒడ్డుకి చేర్చారు. బావ మాత్రం తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. అక్క తన మొగుడి గురించి అడిగినప్పుడల్లా సరంగు నేలచూపులు చూస్తూ "వెతుకుతున్నారక్కా" అనేవాడు. నిజం చెప్పడానికి నోరు పెగిలేది కాదు.

కొన్నాళ్ళకి సభ పెట్టి పతకాలిచ్చారు. సరంగుకొకటి, బావ పేరున ఒకటి. అక్క రానంది.

"ఆయన వచ్చాక ఆయనే తీసుకుంటాడులే."

రెండూ సరంగే తీసుకున్నాడు. సభ ముగిసేసరికి బాగా పొద్దుపోయింది. బావ పతకం జేబులో వేసుకుని అక్క ఇంటికి వెళితే... తాళం.

ఇంత రాత్రప్పుడు ఎక్కడికి పోయినట్టు? సరంగుకి సముద్రం గుర్తొచ్చింది. రేవుకేసి పరుగులాంటి నడక నడిచాడు.

షెడ్డు దగ్గరికొచ్చేసరికి గాలి స్తంభించినట్టుంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చిమ్మచీకటి. సరంగు అడుగుల చప్పుడు వినపడిందో లేదో —

"వచ్చావా?"

కొండంత అలకి జంకని మనిషి వెనక్కి తిరగబోయాడు.

"తడిసిపోయుంటావు... లోపలికి రా..."

ఆ మాటతో ఆగిపోయాడు. భయం పోయింది. ఆ గొంతు... చిన్నప్పుడు తనని జోకొట్టి నిద్రపుచ్చిన గొంతు.

టార్చి వేశాడు. పాత పడవలో, ఒళ్ళో పొడి తువ్వాలు పెట్టుకుని — అక్క.

"నువ్వా తమ్ముడూ... మీ బావేమో అనుకున్నా. రేవులో దిగితే ముందు ఇక్కడికే కదా వస్తాడు!"

సరంగు పడవెక్కి ఆమె పక్కన కూలబడ్డాడు. ఇక దాచలేకపోయాడు.

"అక్కా... బావ పడవలోంచి నీళ్ళలో పడ్డాడు. నేను విసిరిన తాడు చేతికి అందింది. పక్కనే ఆ ఓడ వంటమనిషి మునిగిపోతున్నాడు. వాడి నడుముకి కట్టేసి 'లాగరా!' అని అరిచాడు. లాగాను. మళ్ళీ తాడు విసిరేసరికి... అక్కడ నీళ్ళే ఉన్నాయక్కా."

ఆమె ఒళ్ళోని తువ్వాలు మడత సరిచేసింది.

"ఆ వంటాయన బతికాడా?"

"బతికాడు. ఇవాళ సభకొచ్చి, నా చేతులు పట్టుకుని వదల్లేదు."

"పిల్లలున్నారా?"

"ఇద్దరాడపిల్లలు."

ఆమె మెల్లగా తలూపింది.

"అయితే మీ బావ... ఇక రాడన్నమాట."

"రాడక్కా."

పతకం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసి, "ఇంత చల్లగా ఉందేమిట్రా..." అంది.

అంతే... అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆ ఏడుపు రేవంతా వినపడింది. ఒక్కో ఇంట్లో దీపం వెలిగింది. ఆ వెంటనే తలుపులు, కిటికీలు మూసుకున్నాయి.

ఒక్కరూ రాలేదు.