వెనక గేటులో సెనేటర్

ఉదయం ఆరున్నరకి వంటమనిషి గవర్నర్ బంగళా వెనక గేటు తీసింది. అడ్డంగా శవం.

నల్లజాతి సెనేటర్ ఐజాయా గాడ్స్‌డెన్. వీపులో ఒకే గుండు. బట్టలు మంచుకి తడిసి ఉన్నాయి. అంటే హత్య రాత్రే జరిగింది. అప్పుడు వీధిలో ఎన్నికల ఊరేగింపు, సంబరానికి పేల్చే తుపాకులు. ఈ మోత ఎవరికి వినిపిస్తుంది?

హత్య విచారించడానికి వచ్చిన మార్షల్ లెవై హోల్కూమ్ తలెత్తాడు. గవర్నర్ రెన్‌ఫ్రో మెట్ల మీదే ఆగిపోయి ఉన్నాడు. బానిసత్వం పోయాక నల్లవాళ్ళ పిల్లలకి బడులు కట్టిస్తానన్న మనిషి. హోల్కూమ్ ఓటు ఆయనకే.

"రాత్రి ఇంట్లో ఎవరున్నారండీ?"

"నేను, సెనేట్‌లో మా ఎదటి పక్షం నాయకుడు కర్నల్ పింక్నీ. బడుల బిల్లు గురించి మాట్లాడుకున్నాం."

"ఎవరైనా బయటికి వెళ్ళారా?"

"లేదు." గవర్నర్ కళ్ళు కలపలేదు.

హోల్కూమ్ సెనేటర్ ఇంటికి వెళ్ళాడు. భార్య డోర్కస్ ఏడవలేదు.

"ఎక్కడ పడున్నాడన్నావు, బాబూ?"

"వెనక గేటు దగ్గరమ్మా."

"మా ఆయనా? ఇంకెవర్నో చూసుంటావు, పో! నలభై ఏళ్ళు బానిసగా దొరల పెరటి గుమ్మాలే తొక్కాడు. విడుదలైననాడు ఒట్టేసుకున్నాడు. పిడుగు పడ్డా సరే, వీధి గుమ్మమే. ఆయన కాదనలేని మనిషెవరో రమ్మనుండాలి. వాణ్ణి పట్టుకో."

మధ్యాహ్నం గవర్నర్ గదిలో హోల్కూమ్, గవర్నర్, కర్నల్ కూర్చున్నారు.

"ఎవరో దొంగలు చంపుంటారయ్యా. దీనికింత హడావిడా?" అన్నాడు కర్నల్.

"సెనేటర్ వీధి గుమ్మం తప్ప తొక్కడని ఊరందరికీ తెలుసు. చంపినవాడు మాత్రం పెరట్లో కాచుకున్నాడు. ఆయన్ని అటు రమ్మన్నదెవరో చెప్పండి. చంపిందెవరో నేను చెప్తాను."

గవర్నర్ కర్నల్ వైపు చూశాడు.

"నేనే," అన్నాడు గవర్నర్.

"రెన్‌ఫ్రో! నోరు జారకు."

"నల్లవాడు వీధి గుమ్మంలోంచి వచ్చే ఇంట్లో కూర్చోనన్నాడు ఈయన. ఈయన మనుషుల ఓట్లు లేకపోతే బిల్లు లేదు. 'ఈ ఒక్కసారికీ, ఐజాయా' అన్నాను. నవ్వాడు. 'మీరడిగారు కాబట్టి' అన్నాడు. రాత్రి రాకపోయేసరికి, మనసు కష్టపడి మానేశాడనుకున్నాను. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు, మార్షల్."

"కర్నల్ బయటికి వెళ్ళారా?"

"ఆలోచించుకో," అన్నాడు కర్నల్ మెల్లగా. "ఇది కోర్టుకెక్కితే నీ బిల్లూ ఉండదు, నీ కుర్చీ ఉండదు."

గవర్నర్ కళ్ళు మూసుకున్నాడు.

"తొమ్మిదింటికి. చుట్ట కాల్చుకొస్తానని పెరటి తలుపు తీసుకుని వెళ్ళాడు. పొద్దున అబద్ధం చెప్పాను. రాసుకోండి."

కర్నల్ చేతులకి బేడీలు పడ్డాయి. గవర్నర్ లేచి తన చేతులూ చాచాడు.

"నన్ను?"

"ఆయన్ని పెరటి దారిన రమ్మన్నందుకు చట్టంలో శిక్ష లేదండీ."

హోల్కూమ్ కర్నల్‌ని నడిపించుకుని గుమ్మం దాటాడు. వెనక్కి తిరిగి చూస్తే, గవర్నర్ ఇంకా చేతులు చాచే ఉన్నాడు.