ఆగస్టులో ఇచ్చిన మంత్రం

బార్తొలోకి దేవుడు రెండు చేతులిచ్చింది, పడవ దిగిన ప్రతివాణ్ణీ భోజనానికి ఈడ్చుకు రావడానికేనని భార్య నున్సియా ఫిర్యాదు. తాగడు, పేకాడడు, చెయ్యెత్తడు. అలాంటి మొగుణ్ణి తిట్టుకోవడానికి పాపం ఆమెకు ఇంతకన్నా ఆధారం దొరకలేదు. ఏటా వచ్చినట్టే ఈ ఆగస్టులోనూ మెస్సీనా నుంచి నున్సియా అత్తవారి ద్వీపానికి వచ్చారో లేదో, రేవులో ఒంటరిగా నిలబడ్డ కలోజెరో అనే నల్లకోటు మనిషిని వెంటబెట్టుకొచ్చి మేడగది ఇచ్చేశాడు.

ఆనాటి నుంచే మొదలైంది...!

నడిమధ్యాహ్నం! నీడలు పాదాల కింద దాక్కునే ఘోరవేళ! స్ట్రాంబోలి అగ్నిపర్వత శిఖరం ధూమరాశిని కక్కుతూ భీకరంగా గర్జిస్తోంది... నల్లని ఇసుక సెగలు చిమ్ముతోంది... పట్టపగలే అత్తిచెట్టు మీద గుడ్లగూబ అరుపు! తలుపులు బిగించుకున్న ఆ నిశ్శబ్ద గ్రామంలో బార్తొలో చెల్లెలు మెలీనా కేక ఒక్కటే మార్మోగింది... అది ఆడగొంతు కాదు!

"చెప్పు...! నీ తల్లి నీకిచ్చిన మాటలు చెప్పు!"

మెలీనా నోటితోనే ఎవరో మెలీనాను గద్దిస్తున్నారు. కనుగుడ్లు తేలిపోయాయి... వేళ్ళు కొంకర్లు పోయాయి. గుక్కెడు నీళ్ళు గొంతు దిగి ఇది మూడోరోజు!

సాగరగర్భం నుంచి నింగికి లేచే సుడిగాలి స్తంభాన్ని, ఆ మాటలు పఠిస్తూ గాలిలో కత్తి ఆడించి కూల్చేవారు ఆ ఇంటి ఆడవాళ్ళు. ఊరి పడవల ప్రాణాలన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి. ఇప్పుడవి మెలీనాకొక్కదానికే తెలుసు.

"ఆ మేడమీది మనిషే చేస్తున్నాడు బార్తొలో! వాడి పెట్టెలో కపాలం ఉంది," అంది నున్సియా, తొమ్మిదోసారి.

"ఆయన మందుల మనిషి. ఎముకలుండవూ?"

"ఆ ఎముకకి మీ చెల్లెలి జుట్టెందుకు చుట్టినట్టు?"

"ఏ దువ్వెన నుంచో ఎగిరి ఉంటుంది. నువ్వెళ్ళి వంట చూడు!"

నున్సియా పళ్ళు కొరుక్కుంది. గోడకి చెప్పినా ఈపాటికి కాస్త సున్నమైనా రాలేది!

ధడేల్మని తలుపు తెరుచుకుంది... గుమ్మంలో కలోజెరో! చేతిలో కపాలం!

"ఆ మాటలు నాకిప్పించండి! లేదా... ఈ క్షణమే దీని ప్రాణవాయువు ఈ కపాలంలో!"

బార్తొలో వాడి మీదికి దూకబోయాడు. పాదాలు నేలకు అతుక్కుపోయాయి!

"మీరు... మా ఉప్పు తిన్నారు!"

"తిన్నాను. మీ ఆవిడ చేపలో అది బాగా ఎక్కువ వేస్తుంది."

నున్సియా ఇంతవరకూ భయపడింది. ఇప్పుడు ఒళ్ళు మండింది.

తల్లి కూతురికి ఆ మాటలు చెప్పాల్సింది క్రిస్మస్ ముందు రాత్రి మాత్రమే. మరే రోజైనా విని పలికినవాణ్ణి ఆ మాటలే మింగుతాయని ఊళ్ళో పాలపళ్ళ పిల్లలకీ తెలుసు. మొన్న పడవ దిగిన వాడికెవరు చెబుతారు?

ఆమె మెలీనా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "ఇచ్చెయ్ మెలీనా."

"వదినా...?"

"ప్రాణం కన్నా ఎక్కువా? నా మాట విను, ఇచ్చెయ్!"

"నీకు మతిపోయిందా నున్సియా!" బార్తొలో అరిచాడు. క్రిస్మస్ నియమాలు ముసలమ్మల చాదస్తమని ఏనాడో కొట్టిపారేసిన ఘనుడాయన. "అమ్మ సొత్తు ఈ పిశాచానికి అప్పగిస్తావా?"

మెలీనా పెదవులు మాంత్రికుడి చెవి దగ్గర కదిలాయి...

వికటాట్టహాసంతో వాడు తీరానికి పరుగెత్తాడు. కపాలం పైకెత్తాడు. క్షణంలో ఆకాశం అంధకారబంధురం! సముద్రం నిలువునా లేచి మహాసర్పంలా మెలితిరుగుతూ వచ్చింది...!

"ఇక ఈ సాగరం నా బానిస!" కత్తి ఝళిపించి మాటలు పలికాడు.

స్తంభం తెగలేదు... తిరిగింది! వాడి వైపే తిరిగింది!

"వద్దు...! ఆగు...! ఆ...!"

కొండ ఒక్కసారి అగ్ని కక్కింది. కపాలం పిండిపిండైంది. నల్లకోటు గిరగిరా నింగికెగసి, కడలి కడుపులో కలిసిపోయింది!

ఇంట్లో మెలీనా తన సొంత గొంతుతో నీళ్ళడిగింది. బార్తొలో పాదాలు విడివడ్డాయి. చెల్లెలికి తనే తాగించి, గోడకేసి తిరిగాడు.

"నున్సియా... తొమ్మిదిసార్లూ నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది," అని గొణిగాడు.

"గాలి హోరు. వినపళ్ళేదు."

బయట ఆకైనా కదలడం లేదు. పొరుగువాళ్ళు ఒక్కొక్క కిటికీ తెరుస్తున్నారు. బార్తొలో గుమ్మం దాటి వీధిలో నిలబడ్డాడు. గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"తప్పు నాది!"